బందరులో బాస్కెట్‌బాల్

రేడియోలో ఆటల వ్యాఖ్యానము వినువారికి ఒక సౌకర్యమున్నది, ఒక చిక్కు కూడ ఉన్నది. ఎవరి చేతిలో బంతి ఉన్నదో వ్యాఖ్యాత చెప్పుచునే ఉండును, అది సౌకర్యము. బంతి లేనివారు ఏమి చేయుచున్నారో చెప్పుటకు అతనికి ఊపిరి చాలదు, అది చిక్కు. క్రికెట్ వంటి తీరుబడిగల ఆటలో ఈ లోటు అంతగా తెలియదు. బాస్కెట్‌బాల్ వంటి వడిగల ఆటలో వ్యాఖ్యాత ఒక వాక్యము ముగించునంతలో బంతి బుట్టలో పడి, అవతలి జట్టు చేతికి పోయి, తిరిగి ఇవతలికి వచ్చుచుండును. అందుచేత ఈ ఆటను గూర్చి పదిసార్లు వినుటకంటె ఒక్కసారి చూచుట మేలని మేము పలుమారు చెప్పియున్నాము.

పామర్రు ప్రాంతమునుండి ఒక శ్రోత ఈ మాటనే పట్టుకొని మాకు ఉత్తరము వ్రాసినారు. వారు రైతు. వారి కుమార్తె పదవ తరగతి చదువుచు, బడిలో బాస్కెట్‌బాల్ ఆడుచున్నది. "మా అమ్మాయి రోజూ సాయంత్రం ఒక గంట ఆ బంతితోనే ఉంటుంది. వచ్చే ఏడు ఏ కాలేజీలో వెయ్యాలో తేల్చుకోవాలి. ఆటలున్న కాలేజీయే కావాలంటుంది. అందులో ఏముందో నాకు తెలియదు. తెలియని దానికి ఔననీ అనలేను, కాదనీ అనలేను" అని వారి ఉత్తరము. ఇందలి న్యాయము మాకు నచ్చినది. తెలియని విషయములో తీర్పు చెప్పుటకు వెనుకాడువారు ఏ కాలమునందైనను కొద్దిమందియే. కనుక, బందరులో రెండు కళాశాలల బాలికల జట్లకు పోటీ జరుగనున్నదని తెలియగానే, "మీరును, అమ్మాయియును వచ్చెదరా?" అని వారిని అడిగినాము. వారు సరేనన్నారు.

పామర్రు ఎటువంటి ఊరో ఎరిగినవారికి ఆ ఉత్తరములోని తొందర అర్థమగును. అది కూడలి ఊరు. విజయవాడనుండి మచిలీపట్నము పోవు రహదారి ఆ ఊరిమీదుగా పోవును. గుడివాడ, కైకలూరు, భీమవరముల మీదుగా దిగమర్రు చేరు జాతీయ రహదారికి అక్కడనే ఆరంభము. ఒకవైపు బస్సు ఎక్కిన గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావుగారి పేరు గల 1950 నాటి కళాశాల ఉన్నది. ఇంకొకవైపు ఎక్కిన బందరు. మరొకవైపు ఎక్కిన విజయవాడ. అక్కడ వసతిగృహములతో కూడిన జూనియర్ కళాశాలలు లెక్కకు మిక్కిలి. పదవ తరగతి ముగించిన బిడ్డ ఏ బస్సు ఎక్కవలెననునది ఆ కూడలి చుట్టుప్రక్కల ఊళ్ళలో ప్రతి వేసవికి వచ్చెడి ప్రశ్న. ఆ బస్సులలో కొన్ని ఆటస్థలమున్న చోటికి పోవును, కొన్ని ఆటస్థలమే లేని మేడలవద్దకు పోవును. బస్సు నొసట మాత్రము ఆ సంగతి వ్రాసియుండదు.

బందరు చదువుల ఊరు. రాబర్ట్ నోబుల్ దొర 1843లో అక్కడ నెలకొల్పిన పాఠశాలయే నోబుల్ కళాశాలగా పెరిగినది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు అక్కడి హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినారు. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మొదలగువారి పూనికతో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది కూడ అక్కడనే. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయమునకు సైతము బందరే స్థానము. కృష్ణ దిగువ డెల్టాలోని పల్లెలనుండి మూట కట్టుకొని చదువునకై వచ్చిన బిడ్డలను ఆ ఊరు తరతరములుగా చూచుచున్నది. బంతి చేతబట్టుకొని వచ్చిన పల్లెటూరి ఆడపిల్లను చూచుట మాత్రము దానికి కొంత క్రొత్త.

జనవరి మాసపు మధ్యాహ్నము మేము ముగ్గురము పామర్రులో బస్సు ఎక్కినాము. నిడుమోలు, గూడూరు దాటి పోవుచుండగా దారికి ఇరుప్రక్కల కోసిన వరిమళ్ళలో మినుము పచ్చగా లేచుచున్నది. రైతుగారు కిటికీలోనుండి చేలనే చూచుచున్నారు. అమ్మాయి ఒడిలో బంతి ఉన్నది. ఆమె మాట్లాడలేదు. మేమే ఆటను గూర్చి తెలిసినది చెప్పుచు కూర్చున్నాము. ఆ చెప్పినది మా శ్రోతలకు కూడ పనికివచ్చును కనుక ఇచట కొంత మరల చెప్పుచున్నాము.

లోకములోని పెక్కు ఆటలకు పుట్టినరోజు తెలియదు. మన చెడుగుడు ఎవరు కనిపెట్టినారో ఎవరు చెప్పగలరు? బాస్కెట్‌బాల్‌కు మాత్రము తండ్రియున్నాడు, పుట్టినయూరున్నది, పుట్టిన నెలయున్నది. 1891 డిసెంబరులో, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో, స్ప్రింగ్‌ఫీల్డ్ అను ఊర వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ అను యువ ఉపాధ్యాయుడు దీనిని రూపొందించినాడు. ఆయన కెనడా దేశస్థుడు. బయట మంచు. విద్యార్థులు గదిలోపల కసరత్తులు చేసి చేసి విసిగియున్నారు. ఆ తరగతితో ఇతర ఉపాధ్యాయులు అప్పటికే వేగలేకపోయినారు. గదిలో ఆడదగిన క్రొత్త ఆటను రెండు వారములలో సిద్ధము చేయవలెనని పెద్దలు నైస్మిత్‌కు పురమాయించినారు.

ఆయన ఆలోచించిన తీరు మనము తెలిసికొనదగినది. ఫుట్‌బాల్, రగ్బీ వంటి ఆటలలో దెబ్బలెందుకు తగులుచున్నవి? బంతి పట్టుకొని పరుగెత్తువానిని ఆపుటకు ఇతరులు మీదపడుచున్నారు కనుక. అట్లయిన బంతి పట్టుకొని పరుగెత్తకూడదని నియమము పెట్టిన, మీదపడవలసిన పనియే ఉండదు. ఇక గోలు సంగతి. నిలువుగా గోలు ఉన్నంతకాలము బంతిని బలముకొలది కొట్టువానిదే పైచేయి. గోలును తలకంటె ఎత్తున, నోరు ఆకాశమువైపునకు ఉండునట్లు అడ్డముగా పెట్టిన? అప్పుడు బలముగా విసిరిన బంతి లోపల పడదు. మెల్లగా, గురిచూచి, విల్లు వంచినట్లు పైకి లేపి దించవలెను. చిన్నతనములో తాను ఆడిన ఒక రాళ్ళయాటనుండి ఆయనకు ఈ ఊహ తట్టినది. పెద్దబండమీద పెట్టిన రాతిని దూరమునుండి మరియొక రాతితో పడగొట్టుట ఆ ఆట. మన ఏడు పెంకులాటకు అది దూరపు చుట్టము వంటిది.

కాపలాదారును పెట్టెలడిగిన, అతడు పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చి యిచ్చినాడు. వాటిని గోడచుట్టునున్న నడవ కటకటాలకు మేకులతో దిగగొట్టినారు. ఆ కటకటాలు నేలకు పది అడుగుల ఎత్తున ఉన్నవి. నేటికిని లోకమంతట ఈ ఆట బుట్ట ఎత్తు పది అడుగులే, అనగా 3.05 మీటర్లే! తరగతిలో పదునెనిమిది మంది ఉన్నందున జట్టునకు తొమ్మండుగురు చొప్పున ఆడినారు. పదమూడు నియమములు కాగితముపై అతికించినారు. మొదటి ఆటలో పడిన గోలు ఒక్కటియే. బుట్టకు అడుగు ఉన్నందున బంతిని తీయుటకు నిచ్చెన ఎక్కవలసివచ్చినది.

ఇది విని రైతుగారు నవ్వినారు. "గోలుకొక నిచ్చెన ఎక్కితే ఆటెప్పుడండీ?" అన్నారు. అమ్మాయి కూడ నవ్వినది. అప్పటికి గూడూరు దాటినాము.

ఆట సాయంకాలము నాలుగున్నరకు ఆరంభమైనది. ఆరుబయటి సిమెంటు కోర్టు. పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. రెండు చివరల బోర్డులు, వాటికి 45 సెంటీమీటర్ల వెడల్పుగల ఇనుప రింగులు, క్రిందికి వ్రేలాడు తెల్లని వలలు. సముద్రపుగాలి అప్పుడప్పుడు విసురుగా వచ్చుచున్నది. మెట్లమీద విద్యార్థినులు, కొందరు తల్లిదండ్రులు, గోడపైన కాళ్ళు వ్రేలాడవేసికొని చిన్నపిల్లలు. ఒక జట్టు పసుపు చొక్కాలు, మరియొక జట్టు నీలి చొక్కాలు ధరించినవి. జట్టునకు ఐదుగురు. ఆట ఒక్కొక్కటి పది నిమిషముల చొప్పున నాలుగు భాగములు.

మొదటి భాగములో రైతుగారి దృష్టి అంతయు పసుపు జట్టులోని పొడవుపాటి అమ్మాయిమీదనే. సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలకు తప్పక పోవునట్టివారు; జత మెడలు, పిక్కలు చూచి ఎంతదూరము లాగునో చెప్పగలరు. ఆ కంటితోనే ఈ ఆటను కూడ చూచుచున్నారు. "ఏమండీ, ఆ పొడుగమ్మాయి చేతికి బంతి ఇస్తే సరిపోదుటండీ? చెయ్యి చాపితే చాలును గదా!" అని అడిగినారు.

అమ్మాయి మొదటిసారి గట్టిగా మాట్లాడినది. "ఇస్తే సరే నాన్నా. ఎట్లా ఇస్తారు? ఇద్దరు ఆమె ముందు నిలబడ్డారు, చూడు. ఆ నాలుగో నంబరు అమ్మాయిని చూడు. బంతి ఆమె దగ్గర లేదు. అయినా అటు పరుగెత్తింది. అందుకని ఆ ఇద్దరిలో ఒకళ్ళు ఆమె వెంట పోయారు. ఇప్పుడు పొడుగామె దగ్గర ఒక్కళ్ళే మిగిలారు. ఇప్పుడిస్తారు."

ఆమె చెప్పుచుండగనే బంతి పొడుగు అమ్మాయి చేతికి వచ్చినది. బోర్డుకు తగిలి వలలోనుండి జారినది. మెట్లమీదివారు చప్పట్లు కొట్టినారు. చప్పట్లన్నియు గోలు వేసిన అమ్మాయికే. బంతిని తాకనైనను తాకని పొట్టి అమ్మాయి అప్పటికే వెనుకకు తిరిగి తన చోటికి పరుగెత్తుచున్నది. రైతుగారు ఆ పిల్లవైపు చూచి, తిరిగి తన కుమార్తెవైపు చూచినారు. తరువాత వారు పొడుగమ్మాయి మాట ఎత్తలేదు.

మొదటిసారి చూచువారికి కనుపట్టని నియమములు మూడు కలవు. బంతి పట్టుకొని నడువరాదు. నడువదలచినవారు దానిని ఒంటిచేత నేలకు కొట్టుచు పోవలెను. ఒకసారి ఆపి రెండు చేతులతో పట్టుకొన్న తరువాత మరల కొట్టుట కూడదు. అప్పుడొక కాలు నేలకు నాటుకొని, రెండవ కాలితో ఎటైనను తిరుగవచ్చును. నాటిన కాలు మాత్రము కదలరాదు. కూచిపూడి పామర్రుకు సమీపముననే ఉన్నది గనుక, పళ్ళెము అంచుమీద పాదములు నిలిపి తరంగము ఆడుట మా రైతుగారు చూచినవారే. "పాదం కుదురుంటేనే పైనంతా తిరుగుతుంది" అని వారంతట వారే అన్నారు. ఇంతకంటె చక్కగా ఆ నియమమును మేము చెప్పలేము.

రెండవది కాలనియమము. బంతి చిక్కిన జట్టు 24 సెకనులలో బుట్టవైపు బంతి వేయవలెను. పూర్వమీ నియమము లేదు. ముందంజలో ఉన్న జట్టు బంతిని దాచుకొని కాలము గడపెడిది. చూచువారికి విసుగు పుట్టెడిది. అమెరికా వృత్తి జట్ల పోటీలలో 1954లో ఈ 24 సెకనుల కట్టుబాటు వచ్చినది. అంతర్జాతీయ పోటీలలో 1956లో 30 సెకనులుగా మొదలై, 2000లో 24 అయినది. చెడుగుడు ఎరిగినవారికి ఇది క్రొత్తకాదు. కూతకు పోయినవాడు ఊపిరి ఉన్నంతవరకే అవతలి బరిలో తిరుగవలెను. అక్కడ లెక్క ఊపిరిది, ఇక్కడ లెక్క గడియారముది. రెండు ఆటలును చెప్పునది ఒక్కటే: అవకాశము చేతికి వచ్చిన తరువాత ఆలోచించుచు కూర్చుండుటకు వీలులేదు.

మూడవది లెక్క. దగ్గరనుండి వేసిన బుట్టకు రెండు పాయింట్లు. 6.75 మీటర్ల దూరపు గీతకు వెలుపలనుండి వేసినచో మూడు. అవతలివారు తప్పుగా త్రోసినపుడు ఇచ్చు అడ్డులేని బంతికి ఒకటి. ఐదు ఫౌల్‌లు చేసినవారు ఆటనుండి తొలగవలెను. బలముతో గెలువజూచువారిని ఆటయే బయటకు పంపునన్నమాట.

విరామసమయమున రైతుగారు మెల్లగా మమ్ముల నడిగినారు: "ఇది మగపిల్లల ఆటేగా మొదట? ఆడపిల్లలకు తరువాత వచ్చిందేమో?"

నిజమునకు ఆడపిల్లలకు ఇది ఎంతో తరువాత వచ్చినది కాదు. ఆట పుట్టిన మరుసటి సంవత్సరమే, 1892లో, స్మిత్ కళాశాల అను స్త్రీల కళాశాలలో సెండా బెరన్సన్ అను ఉపాధ్యాయిని తన విద్యార్థినులచేత దీనిని ఆడించినది. స్ప్రింగ్‌ఫీల్డ్‌కు ఆ కళాశాల దగ్గరిలోనిదే. స్త్రీలకు శ్రమ తగదని నాటివారి భయము గనుక, కోర్టును మూడు భాగములుగా గీసి, ఎవరి భాగములో వారే ఉండవలెనని ఆమె నియమము పెట్టినది. 1896లో కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్, బర్కిలీ విద్యార్థినులు తలపడినప్పుడు చూడవచ్చినవారు ఇంచుమించు ఏడువందల మంది, అందరును స్త్రీలే. పురుషులకు ప్రవేశము లేదు. స్టాన్‌ఫర్డ్ జట్టు రెండు ఒకట్ల తేడాతో గెలిచినది. నాడు కుమార్తె ఆట చూచుటకు తండ్రికి వీలులేకపోయినది. నేడు వీలున్నను చూడ వచ్చు తండ్రులెందరో మనము లెక్కపెట్టుకొనవలసియున్నది. ఒలింపిక్స్‌లో పురుషుల బాస్కెట్‌బాల్ 1936లో ప్రవేశించినది. స్త్రీలది 1976 వరకు వేచియుండవలసివచ్చినది.

మన దేశమునకు ఈ ఆట వై.ఎం.సి.ఎ. సంఘముల ద్వారముననే విస్తరించినది. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో స్థాపించిన వ్యాయామ విద్యా కళాశాల దక్షిణదేశమునకు వ్యాయామోపాధ్యాయులను తయారుచేసినది. ఆంధ్ర జిల్లాలు 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనివే గనుక, మన పాఠశాలల డ్రిల్లు మాస్టర్ల విద్యకు కూడ ఆ పట్టణమే ఆలవాలము. భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడినది. 1980లో మాస్కో ఒలింపిక్స్‌లో మన పురుషుల జట్టు ఆడినది. కేరళలో చంగనాశ్శేరి కళాశాలలో చదివిన గీతూ అన్నా జోస్ భారత స్త్రీల జట్టునకు నాయకత్వము వహించి, ఆస్ట్రేలియా పోటీలలో సైతము ఆడి, 2014 సంవత్సరపు అర్జున పురస్కారము పొందినది. పంజాబులో బల్లో కే అను చిన్న పల్లెలో రైతుబిడ్డగా పుట్టిన సత్నామ్ సింగ్‌ను 2015లో అమెరికా వృత్తి జట్లలో ఒకటైన డాలస్ మావరిక్స్ ఎంపిక చేసికొన్నది. భారతదేశమునందు పుట్టినవారిలో అట్టి ఎంపిక పొందినవారిలో ఆయనయే ప్రథముడు.

ఈ పేర్లు మేము చెప్పినది ఆశ పెట్టుటకు కాదు. లక్షమందిలో ఒకరికి దక్కునది చూపి తక్కినవారిని తోలుకొనిపోవుట న్యాయము కాదు. రైతుగారు కూడ ఆ మాటనే అన్నారు: "వాళ్ళ సంగతి సరేనండీ. మా అమ్మాయి ఆడి ఎక్కడికో పోతుందని నేననుకోవడం లేదు. ఆడితే ఏమవుతుంది, ఆడకపోతే ఏమవుతుంది, అంతే నాకు కావలసింది."

దానికి జవాబు మేము చెప్పవలసిన అవసరము కలుగలేదు. ఆటయే చెప్పినది.

నాలుగవ భాగము చివరి నిమిషమునకు నీలిజట్టు నలుబది, పసుపుజట్టు ముప్పదియెనిమిది. నాలుగవ నంబరు పొట్టి అమ్మాయి బంతిని కొట్టుచు ఇద్దరి నడుమనుండి దూరిపోవుచుండగా ఒకరు ఆమె చేయి తగిలించినారు. రిఫరీ ఈల వేసినాడు. రెండు అడ్డులేని బంతులు. మైదానమంతయు నిశ్శబ్దము. మొదటిది లోపలికి జారినది; ముప్పదితొమ్మిది. రెండవది రింగు అంచున తాకి, ఒక్క క్షణమాగి, వెలుపలకు ఒరిగినది. మెట్లమీదివారందరు అయ్యో అన్నారు. బంతి నీలిజట్టు చేతికి పోయినది. వారిలో ఒక అమ్మాయి ఒంటరిగా అవతలి బుట్టవైపు పరుగెత్తినది. అందరి చూపులు ఇంకను ఆ రింగు మీదనే ఉండగా, బంతి తప్పవేసిన ఆ పొట్టి పిల్ల అప్పటికే కోర్టు సగము దాటి ఆమె ప్రక్కకు చేరి, బంతిని గీత వెలుపలికి తప్పించినది. చివరి సెకనులలో పసుపుజట్టుకు మరొక అవకాశము చిక్కినది. పొడుగమ్మాయి వేసిన బంతి రింగుకు తగిలి పైకెగిరి బయట పడినది. ఈల వేసినారు. ఒక్క పాయింటు తేడాతో పసుపుజట్టు ఓడినది.

ఇరుజట్లు వరుసగా నిలిచి చేతులు కలుపుకొన్నవి. పొట్టి అమ్మాయి కన్నులు తుడుచుకొనుచున్నది. నీలిజట్టు నాయకురాలు ఆమె భుజముమీద చేయి వేసి ఏదో చెప్పినది. అది మాకు వినబడలేదు.

రైతుగారు చాలసేపు లేవలేదు. తరువాత అన్నారు: "ఆ పిల్ల తప్పిపోయిన బంతిని చూస్తూ నిలబడలేదండీ. వెనక్కి పరుగెత్తింది. నేనైతే నిలబడిపోయేవాణ్ణి. రెండేళ్ళ కిందట కోతకొచ్చిన చేను వానకు పడిపోతే గట్టుమీద ఒక పూటంతా అట్లాగే నిలబడ్డాను."

అమ్మాయి ఏమియు అనలేదు.

తిరుగుప్రయాణమున వారు మమ్ములను అడిగినవన్నియు ఇల్లు నడుపువారి ప్రశ్నలు. పొద్దున ఎన్నిగంటలకు ఆడించెదరు? చీకటిపడిన తరువాత దీపములున్నవా? నేర్పువారు ఎవరు, పిల్లలతో ఊరు దాటి పోటీలకు వెళ్ళునపుడు వెంట స్త్రీలు ఉందురా? వసతిగృహములో గ్రుడ్డు, పాలు పెట్టెదరా? పరీక్షల నెలలో ఆట ఆపెదరా? మోకాలు దెబ్బతిన్నచో చదువు ఏమగును? ఈ చివరి ప్రశ్న న్యాయమైనది. దూకి దిగెడి ఆటలలో ఆడపిల్లల మోకాళ్ళకు గాయములు ఎక్కువగా తగులుచున్నవని వైద్యులు గుర్తించియున్నారు. దూకుట నేర్పుటతోపాటు మోకాళ్ళు వంచి మెత్తగా దిగుట, పిక్కలకు తొడలకు బలము చేకూర్చుకొనుట క్రమముగా నేర్పినచో ఆ గాయములు తగ్గునని కూడ వారు చెప్పుచున్నారు. కనుక తల్లిదండ్రులు "మా అమ్మాయి ఎంత ఎత్తు ఎగురుచున్నది?" అని కాక "ఎట్లు దిగుచున్నది?" అని అడుగవలెను. మంచి శిక్షకుడున్నాడో లేడో ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోవును.

గెలుపును గూర్చి ఒక్క మాట. మన బిడ్డలు ఉన్నతవిద్యకై అమెరికా పోయి చదువుచున్న కళాశాల ఊళ్ళలో ఈ ఆటకున్న ఆదరము ఇంతింతనరానిది. కాన్సస్ రాష్ట్రములోని లారెన్స్ అట్టి ఊరు. అక్కడి విశ్వవిద్యాలయమున 1955లో తెరచిన అలెన్ ఫీల్డ్‌హౌస్ అను క్రీడాశాలలో పదునైదువేలమందికి పైగా కూర్చుండి ఆట చూడవచ్చును. ఆ విశ్వవిద్యాలయమునకు మొదటి శిక్షకుడు ఎవరనుకొన్నారు? నైస్మిత్‌యే. ఆయన శిక్షకత్వమున ఆ జట్టు గెలిచిన ఆటలు 55, ఓడినవి 60. అక్కడి బాస్కెట్‌బాల్ శిక్షకులలో గెలుపులకంటె ఓటములెక్కువగా గలవాడు ఆయన యొక్కడే! ఆటను సృష్టించినవాడే ఆటలో ఎక్కువసార్లు ఓడినాడు. అయినను లారెన్స్‌లో ఆటస్థలమునకు ఆయన పేరే పెట్టుకొన్నారు.

శ్రోతలలో ఈ ఆటను మొదటిసారి చూడబోవువారికి మా సలహా ఇది. మొదటి భాగములో బంతిని చూడుడు, కన్ను అలవాటుపడును. రెండవ భాగములో బంతి లేని ఒక అమ్మాయిని గాని, అబ్బాయిని గాని ఎన్నుకొని ఆ ఒక్కరినే చూడుడు. ఆట ఎట్లు అల్లుకొనుచున్నదో తెలియును. మూడవ భాగములో పాదములను చూడుడు. నాలుగవ భాగములో గడియారమును, ముఖములను చూడుడు. ఇట్లు చూచినవారు తిరిగి వచ్చునపుడు ఎవరు గెలిచినారని మాత్రమే కాక, ఎవరు ఏమి చేసినారని కూడ చెప్పగలరు.

పల్లెలలోని పెద్దలకు మరియొక మాట. ఈ ఆటకు గొప్ప భవనము అక్కరలేదు. 1936లో బెర్లిన్‌లో మొట్టమొదటి ఒలింపిక్ అంత్యపోటీయే ఆరుబయట, వానలో, బురదలో జరిగినది. నేలకు కొట్టిన బంతి పైకి లేవని స్థితిలో అమెరికా జట్టు కెనడాపై 19-8 తేడాతో గెలిచినది. ఇప్పుడు ముగ్గురేసి ఆడు పద్ధతి ఒకటి వచ్చినది. సగము కోర్టు, ఒకే బుట్ట, పది నిమిషముల ఆట. ఇరువదియొక్క పాయింట్లు ముందుగా తెచ్చుకొన్నవారిదే గెలుపు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో దీనికి కూడ చోటు దొరికినది. ధాన్యము ఆరబోసికొనుటకు సిమెంటు కళ్ళము వేసికొనగల గ్రామమునకు దాని అంచున ఒక స్తంభము, ఒక బోర్డు, ఒక రింగు నిలుపుకొనుట భారము కాదు. ఎత్తు మాత్రము సరిగా పది అడుగులుండవలెను. పిల్లలకు సులువగునని పెద్దవారి రింగు దించినచో పెద్దైన తరువాత వారి గురి తప్పును. చిన్నవారికి వేరే రింగు పెట్టుట మేలు.

ఇక పదవ తరగతి బిడ్డలున్న తల్లిదండ్రులకు. వేసవిలో కళాశాలల చుట్టు తిరుగునపుడు మీరు అడుగు ప్రశ్నలు మేమెరుగుదుము: రుసుము ఎంత, ఉత్తీర్ణులెందరు, భోజనమెట్లుండును. అవి అడుగవలసినవే. వాటితోపాటు ఇంకొక ప్రశ్న అడుగుడు. "మా అమ్మాయి సాయంకాలము ఒక గంట ఎక్కడ పరుగెత్తును?" అని అడుగుడు. స్థలము చూపెదమన్నచో వెంట వెళ్ళి, మీ కన్నులతో చూచి, రింగునకు వల ఉన్నదో లేదో కూడ గమనింపుడు. చిరిగిన వల ఉన్నచోట ఆట జరుగుచున్నదని అర్థము. వల క్రొత్తగా, మడతలు సైతము పోక ఉన్నచోట, అది మీకు చూపుటకే కట్టినదేమో విచారింపుడు.